అద్దాల తలుపు వెనక... సంధి లోకం

ఐసీయూలో ఉన్న మనిషి మనవైపే చూస్తుంటాడు. కానీ ఆయన ఉన్నది మరెక్కడో! అక్కడేం చూశాడో ఇంటికొచ్చాక ఆయన చెప్పడు. మనమూ అడగం.

‘నా కిడ్నీ అమ్ముకున్నరు.’
‘సూదిల విషం కలిపిన్రు. నర్సమ్మలందరూ కుమ్మక్కయిన్రు.’
‘మంచం కిందికెల్లి నీళ్లొస్తున్నయ్. మునిగిపోతున్న.’
‘ఇది దవాఖాన కాదు, రైలు. నన్ను యాడికో తోల్కపోతున్నరు.’

ఐసీయూ మంచం మీద నుంచి వచ్చే మాటలు కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటాయి. విచిత్రమేంటంటే దేశం మారినా, భాష మారినా ఈ కథలు పెద్దగా మారవు. బందీ అయిపోవడం, విషప్రయోగం, నీళ్లలో మునిగిపోవడం, ఎటో తెలియని ప్రయాణం... ఎక్కడ చూసినా అవే. వినేవాళ్లకు మాత్రం గుండె జారిపోతుంది. ‘మా నాయినకు పిచ్చెక్కింది’ అని కొడుకు భయపడతాడు. అంతవరకూ అయితే ఫర్వాలేదు. ‘భూమి కోసం చిన్నోడే నన్ను ఈడ పడేసిండు’ అనో, ‘కోడలు అన్నంల ఏదో కలిపింది’ అనో ఆ పెద్దాయన అన్నాడనుకోండి. అది నలుగురు చుట్టాల ముందు అన్నాడనుకోండి. జ్వరం తగ్గుతుంది, మనిషి లేచి ఇంటికొస్తాడు. ఆ మాట మాత్రం ఇంట్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

నిజానికి మన పెద్దవాళ్లకు ఇది తెలియని సంగతేమీ కాదు. టైఫాయిడ్ ముదిరి మనిషి ఏదేదో మాట్లాడుతుంటే ‘సంధి కొట్టింది’ అనేవారు. వైద్యులు ‘సన్నిపాతం’ అనేవారు. సంధి ప్రేలాపన అనే మాట అలా వచ్చిందే. ఆ మాటల్ని ఎవరూ లెక్కలోకి తీసుకునేవారు కాదు. జబ్బు మాట్లాడుతోంది తప్ప మనిషి కాదని వాళ్లకు తెలుసు. ఇంగ్లిషు వైద్యంలో దాని పేరు డెలీరియం. ఒంట్లో జబ్బు ముదిరినప్పుడు మెదడు పనితీరు ఉన్నట్టుండి దెబ్బతినడమే అది. మానసిక వ్యాధి కాదు. గుండె, కిడ్నీ ఎలా దెబ్బతింటాయో జబ్బు వేడికి మెదడూ అలాగే దెబ్బతింటుంది.

మరి ఇంత పాత సంగతి ఇప్పుడెందుకు మర్చిపోయాం? బహుశా పక్కన అన్ని యంత్రాలు ఉండేసరికి, అంత పెద్ద ఆసుపత్రిలో మన సంధి ఉంటుందని మనకు తోచదేమో!

న్యాల్‌కల్ నుంచి ఐసీయూ దాకా...

సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉండే మండలం న్యాల్‌కల్. ఒకే వీధిలో తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. అక్కడ ఎవరో ఒక పెద్దాయనకు న్యుమోనియా ముదిరి, ఊపిరాడటం లేదనుకుందాం. 108 వస్తుంది. ముందు జహీరాబాద్ ఏరియా ఆసుపత్రికి. అక్కడ ఆక్సిజన్ పెట్టి, ‘పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి’ అంటారు. ఇటు చూస్తే బీదర్. అటు చూస్తే సంగారెడ్డి. అక్కడా కాదంటే ముంబయి హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి హైదరాబాద్. ఏ దారిన వెళ్లినా ఆయనకు మిగిలేది అంబులెన్సు కుదుపులు, సైరను మోత మాత్రమే.

మళ్లీ కళ్లు తెరిచేసరికి ఎన్ని రోజులైందో తెలియదు. నెత్తిమీద తెల్లటి లైటు. అది పగలో రాత్రో చెప్పదు. గొంతులో ఏదో ఉంది. అరవబోతే శబ్దం రాదు. చెయ్యి ఎత్తబోతే ఎత్తలేడు, మంచానికి కట్టేసి ఉంది. ముఖాలకు ముసుగులు కట్టుకున్నవాళ్లు వస్తున్నారు, గుచ్చుతున్నారు, పోతున్నారు. తనవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు మీరే చెప్పండి... వీటన్నిటినీ కలిపి చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎవరో ఎత్తుకుపోయారనే కదా! సంధి మాటలు పిచ్చివాగుడులా వినపడతాయిగానీ, వాటి వెనక పక్కా లెక్క ఉంటుంది. మెదడుకు అందిన నాలుగు ముక్కల్ని అది తనకు తోచిన కథగా కుట్టుకుంటుంది. అంబులెన్సు కుదుపులు రైలవుతాయి. మూత్రం కోసం వేసిన గొట్టం కిడ్నీ దొంగతనమవుతుంది. గొంతులో చేరిన కఫాన్ని యంత్రంతో లాగుతున్నప్పుడు ఊపిరి అందని ఆ పది క్షణాలు నీళ్లలో మునిగిపోవడమవుతుంది.

ఆ గొట్టం సంగతి ఒకటి చెప్పుకోవాలి. వెంటిలేటర్ గొట్టం స్వరపేటికలోంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. గాలి స్వరతంత్రుల్ని తాకదు. అందుకే మాట రాదు. మాట పోయిందని రోగి అనుకుంటాడు, ఇక జన్మలో రాదేమోనని బెంబేలెత్తిపోతాడు. గొట్టం తీశాక వస్తుందని ఎవరో ఒకరు చెవిలో చెబితే సగం భయం పోతుంది. చేతులు కట్టేది కూడా ఆ గొట్టాన్ని లాగేసుకుంటారనే. ఆ సంగతి డాక్టరుకు తెలుసు, నర్సుకు తెలుసు, కాగితం మీద సంతకం పెట్టిన కొడుక్కీ తెలుసు. తెలియనిదల్లా కట్టించుకున్నవాడికే.

ఇక దాహం. ఐసీయూ నుంచి బయటపడినవాళ్లు బాగా గుర్తుపెట్టుకుని చెప్పే బాధల్లో సూదుల నొప్పి కంటే ఇదే ముందుంటుంది. సెలైన్ ఎక్కుతున్నా నోరు మాత్రం ఎండిపోతుంది. నీళ్లు తాగిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది కాబట్టి ఇవ్వరు. కానీ తడిపిన దూదితో పెదవులు, నాలుక తడపొచ్చు. నర్సును అడిగి అనుమతిస్తే ఇంటివాళ్లే ఆ పని చేయొచ్చు. ఎడారిలో ఉన్నానని కలవరిస్తున్న మనిషికి ఆ తడి ఎంత ఉపశమనమో!

ఆపైన నిద్ర. రాత్రిపూట ఆసుపత్రి వార్డులో శబ్దం 30 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మార్గదర్శకాలు. ఐసీయూల్లో మామూలుగానే 50 దాటేస్తుంది. మానిటర్ల బీప్‌లు, పక్క మంచం దగ్గర హడావుడి, తెల్లవారుజామున మూడింటికి రక్తపరీక్ష... నాలుగు రాత్రులు ఇలా గడిస్తే ఆరోగ్యంగా ఉన్నవాడికే తల తిరుగుతుంది. జ్వరం, ఆక్సిజన్ తగ్గడం, ఇన్ఫెక్షన్, నిద్రమత్తు కోసం ఇచ్చే మందులు కూడా తోడయ్యాక చెప్పేదేముంది?

రాయి నీళ్లలో తేలుతుందా?

సంధి అంటే అరుపులు, పెనుగులాట అనే అనుకుంటాం. అది ఒక రకమే. రెండో రకంలో మనిషి గోడవైపు తిరిగి మౌనంగా పడుకుంటాడు. పిలిస్తే నెమ్మదిగా చూస్తాడు, మళ్లీ కళ్లు మూసుకుంటాడు. ‘మంచిగ పండుకున్నడు, సతాయిస్తలేడు’ అని ఇంటివాళ్లు సంతోషిస్తారు. చాలాసార్లు సిబ్బంది కూడా. నిజానికి ఈ మౌనపు సంధే ఎక్కువమందిలో ఉంటుంది. దాన్ని ఎవరూ పట్టుకోలేరు కాబట్టి ప్రమాదమూ ఎక్కువే.

దీన్ని పట్టుకోవడానికి అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ వైద్యుడు వెస్లీ ఎలీ బృందం 2001లో ఒక పరీక్షను ప్రవేశపెట్టింది. రెండు నిమిషాల పని. గొంతులో గొట్టం ఉన్నవాళ్లకు కూడా చేయొచ్చు. నర్సు వరసగా పది అక్షరాలు చదువుతుంది. ‘ఎ’ అన్నప్పుడల్లా రోగి ఆమె చెయ్యి నొక్కాలి. ధ్యాస నిలవనివాళ్లు తప్పులు చేస్తారు. ఆ తర్వాత నాలుగు ప్రశ్నలు. రాయి నీళ్లలో తేలుతుందా? సముద్రంలో చేపలుంటాయా? ఇలాంటివే. తల ఊపితే చాలు. మూడో తరగతి పిల్లాడికి వేసే ప్రశ్నల్లా ఉన్నాయి కదా! కానీ నిన్నటిదాకా ఊరి పంచాయితీలు తీర్చిన పెద్దమనిషి కూడా ఇక్కడ తడబడతాడు. ఇంగ్లిషు అక్షరాలు రానివాళ్లకు బొమ్మలు చూపించి చేసే పద్ధతి కూడా ఉంది. ఈ పరీక్షతోనే 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో పదిమందికి ఎనిమిదిమందిలో సంధి కనిపించింది. అంటే, రాకపోతేనే ఆశ్చర్యం.

ఇంకో గుర్తు ఇంటివాళ్లు కూడా పట్టేయొచ్చు. సంధి గంటగంటకూ మారుతుంది. పొద్దున బాగానే మాట్లాడిన మనిషి సాయంత్రానికి దుప్పటి పీకుతూ గాలిలో ఏదో ఏరుతుంటాడు. మతిమరుపు జబ్బు అలా ఉండదు, నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. ‘నిన్నటిదాకా మంచిగనే ఉండె సార్’ అనే మాట డాక్టరుకు చాలా విలువైన సమాచారం. ఎందుకంటే నిన్నటి మనిషి ఎలా ఉండేవాడో డాక్టరుకు తెలియదు. తెలిసింది మీకే.

కల్లు సంగతి దాచొద్దు

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సినవి రెండున్నాయి. మొదటిది కల్లు. రోజూ కల్లుకో, మందుకో అలవాటుపడిన మనిషి ఆసుపత్రిలో చేరగానే అది ఒక్కసారిగా బందవుతుంది. రెండు మూడు రోజులకు చేతులు వణకడం, చెమటలు, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం మొదలవుతాయి. ఇక్కడ దొరికే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయజిపాం లాంటి మత్తుమందులు కలుస్తాయన్నది బహిరంగ రహస్యమే. 2015లో కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో వందలమంది వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలవగానే హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రికి మద్యం దొరకనివాళ్లు బారులు తీరారు. ఇలాంటి సంధికి వైద్యం వేరు. వెంటనే చేయకపోతే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. కానీ డాక్టరు ‘అలవాట్లేమైనా ఉన్నాయా’ అని అడిగితే, చుట్టాల ముందు పరువు పోతుందని ‘అసలే లేవు సార్’ అనేస్తాం. ఆ అబద్ధం ఖరీదు చాలా ఎక్కువ.

రెండోది పురుగుమందు. చేను మీద కొడుతుంటే ఒంట్లోకి పోయినా, ఇంకెలా పోయినా, ఆర్గానోఫాస్ఫేట్ రకాలకు విరుగుడుగా అట్రోపిన్ ఇస్తారు. ప్రాణం నిలబెట్టే మందే అది. మోతాదు కాస్త ఎక్కువైతే మాత్రం నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి మంచం మీద లేనివాటిని ఏరుకుంటూ కలవరిస్తాడు. డాక్టర్లు మోతాదు సరిచేస్తే ఆ సంధి తగ్గుతుంది. అలాంటప్పుడు అతను అన్న మాటల్ని పట్టుకుని ‘ఎందుకు తాగినవ్? ఎవల మీద కోపం?’ అని మంచం దగ్గరే ఇంటివాళ్లు విచారణ మొదలుపెట్టడం ఎంత అన్యాయమో చెప్పక్కర్లేదు. ఆ సంగతి మాట్లాడటానికి తర్వాత టైముంది, దానికి వేరే డాక్టరున్నారు.

ఐప్యాడ్‌లో క్రికెట్

మరి ఈ సంధికి మందు లేదా? మంచి ప్రశ్న. చాలాకాలం హాలోపెరిడాల్ వాడారు. 2018లో అమెరికాలో 566 మంది మీద జరిపిన పరిశోధనలో ఆ మందు ఇచ్చినవాళ్లకూ, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లకూ సంధి ఉన్న రోజుల్లో తేడా కనిపించలేదు. పని చేసేవి వేరే ఉన్నాయి. మత్తు అవసరమైనంతే ఇవ్వడం, రోజూ కాసేపు మెలకువ తెప్పించడం, వీలైనంత తొందరగా లేపి కూర్చోబెట్టడం, రాత్రి లైట్లు తగ్గించడం... వీటన్నిటితోపాటు తెలిసిన ముఖం.

ఈ మాటకు తెలుగువాళ్లందరికీ గుర్తుండిపోయే ఉదాహరణ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. కొవిడ్‌తో 2020 ఆగస్టు 5న చెన్నైలోని ఎంజీఎం హెల్త్‌కేర్‌లో చేరారు. వారం దాటాక పరిస్థితి విషమించింది. వెంటిలేటర్, ఎక్మో... ఊపిరితిత్తుల పనిని యంత్రమే చేసిపెట్టే దశ. ఆ రోజుల్లో కుమారుడు చరణ్ వీడియోల కోసం జనం ఎదురుచూసేవారు. సెప్టెంబరు మొదటివారంలో ఆయన చెప్పిన సంగతులు గుర్తున్నాయా? నాన్నగారు ఐప్యాడ్‌లో క్రికెట్, టెన్నిస్ చూస్తున్నారని, ఐపీఎల్ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్నారని, చెప్పాలనుకున్నది రాసి చూపిస్తున్నారని, అమ్మానాన్నల పెళ్లిరోజును ఆసుపత్రిలోనే చిన్నగా జరుపుకొన్నారని. తర్వాత కొద్దిరోజులకు మంచం మీద 15-20 నిమిషాలు కూర్చోగలుగుతున్నారని కూడా. సెప్టెంబరు 25న ఆయన వెళ్లిపోయారు. అభిమానులకు ఆ వీడియోలు ఆశ పెట్టి మోసం చేసినట్టే అనిపించి ఉండొచ్చు. కానీ ఆ ఐప్యాడ్, ఆ పెళ్లిరోజు, ఆ రాసిన కాగితాలు ఊరికే చేసిన ముచ్చట్లు కావు. ఈ రోజేమిటి, నేనెవర్ని, నావాళ్లెవరు అనే మూడు ప్రశ్నలకు మెదడు జవాబు మర్చిపోకుండా పట్టుకునే కర్రలు అవి.

అదే సమయంలో గాంధీ ఆసుపత్రి లాంటి చోట్ల వేలమంది కొవిడ్ రోగులకు ఆ కర్రలేవీ దొరకలేదు. పీపీఈ కిట్లలో మనిషి కళ్లు కూడా సరిగా కనపడవు. ఇంటివాళ్లకు ప్రవేశం లేదు. 2021లో ప్రచురితమైన ఓ అధ్యయనంలో 14 దేశాల్లోని 69 ఐసీయూల్లో 2,088 మంది కొవిడ్ రోగులను పరిశీలిస్తే సగానికి పైగా సంధిలోకి వెళ్లారని తేలింది. ఇంటివాళ్లు వచ్చి కలిసినా, కనీసం వీడియోకాల్‌లో కనిపించినా ఆ ముప్పు 27 శాతం తక్కువగా ఉందట. సందర్శన వేళలు పెంచినంత మాత్రాన సంధి తగ్గలేదని 2019లో బ్రెజిల్‌లోని 36 ఐసీయూల పరిశోధన చెప్పింది. అయితే బయట ఎదురుచూసే కుటుంబసభ్యుల్లో ఆందోళన మాత్రం బాగా తగ్గింది. అదీ తక్కువేం కాదు. వరండాలో టవల్ పరుచుకుని పడుకునేవాళ్ల గోడు ఎవరు రాస్తారు!

అన్నట్టు, ఐసీయూ పుట్టుకే మనిషి తోడుతో మొదలైంది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రిలో ఊపిరి కండరాలు చచ్చుబడి పిల్లలు చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తుడాక్టరు పన్నెండేళ్ల అమ్మాయి గొంతుకు రంధ్రం చేసి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపి బతికించాడు. మరి మిగతావాళ్లకో? అన్ని యంత్రాలు లేవు. దాంతో సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని నెలల తరబడి సంచులు నొక్కారు. మరుసటి ఏడాది ఇబ్సెన్ ఇలాంటి రోగుల కోసం ప్రత్యేక వార్డు తెరిచాడు. అదే ఐసీయూకు నాంది. ఆ తర్వాత సంచి స్థానంలో యంత్రం వచ్చింది. మంచం పక్క కుర్చీ ఖాళీ అయింది.

ఆ పది నిమిషాల్లో...

మన దగ్గర రోజుకు ఒకటి రెండుసార్లు, పదేసి నిమిషాలే లోపలికి పంపుతారు. ఆ పది నిమిషాల్లో మనమేం చేస్తాం? సగంమంది ఏడుస్తాం. మిగతా సగంమంది ‘నన్ను గుర్తుపట్టినవా? నేనెవరో చెప్పు!’ అని పరీక్ష పెడతాం. గుర్తుపట్టలేకపోతే ఆయనకూ భయం, మనకూ భయం. అడిగేకంటే చెప్పడం మేలు. ‘నాయినా, నేను నీ పెద్దకొడుకును. నువ్వు సంగారెడ్డి దవాఖానల ఉన్నవ్. నిమోనియా వచ్చింది, తగ్గుతున్నది. ఇయ్యాల బేస్తవారం, పొద్దుగాల పది అయింది. గొంతుల పైపున్నది, అందుకే మాటొస్తలేదు. తీసినంక వస్తది.’ ఇంతే. రేపు మళ్లీ ఇదే. ఎల్లుండి మళ్లీ ఇదే. మత్తులో ఉన్నాడు, వినపడదులే అనుకోవద్దు. చెవి పనిచేస్తూనే ఉండొచ్చు. మంచం పక్కన నిలబడి ఖర్చుల లెక్కలు, పొలం అమ్మే మాటలు మాట్లాడకూడదనేది అందుకే. కథలు కుట్టుకునే మెదడుకు అవి మంచి దారపు ఉండలు!

ఊరి కబుర్లు చెప్పొచ్చు. చెరకు కోతకొచ్చిందని, సంకష్టహర చతుర్థికి రేజింతల్ వినాయకుడి గుడి కిటకిటలాడిందని, బర్రె ఈనిందని. ‘చిన్నోడు నన్ను అమ్మేసిండు’ అంటే ‘అట్లనకు, వాడు నీకోసం మూడు రోజుల నుంచి నిద్రపోతలేడు’ అని వాదానికి దిగొద్దు. ‘అవునా’ అని తాళం వేయనూ వద్దు. ‘భయపడుతున్నవ్, నేనున్న కదా’ అంటే చాలు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేయకుండా డాక్టర్ని అడిగి అందించండి. ముఖాలు మసకగా కనపడితే ప్రతివాడూ దొంగలాగే కనిపిస్తాడు.

భాష సంగతి మరీ ముఖ్యం. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పెద్దమ్మ హైదరాబాద్‌లో కళ్లు తెరిస్తే చుట్టూ మాట్లాడేది వేరే భాష. బీదర్ వెళ్తే తెలుగు మాత్రమే వచ్చినవాళ్ల పరిస్థితీ అంతే. తెలుగే అయినా ‘కాలు గుంజుతున్నది’ అంటే కోస్తా నుంచి వచ్చిన నర్సుకు అర్థం కాకపోవచ్చు. ఒక కాగితం మీద ఆమె వాడే మాటలు, వాటి అర్థాలు ఓ పది రాసి మంచానికి అతికించమని అడగండి. నీళ్లకేమంటుంది, నొప్పికేమంటుంది, ఇంట్లో ఆమెను ఎలా పిలుస్తారు... ‘పేషెంట్ నంబర్ ఏడు’ అని కాకుండా ‘అవ్వా’ అని పిలిస్తే తిరిగి చూడని మనిషి కూడా చూడొచ్చు.

ఇంటికొచ్చాక...

డిశ్చార్జ్ కాగితం చేతికిచ్చాక కథ అయిపోయిందనుకుంటాం. రెండు నెలలకు జుట్టు గుప్పెళ్లకొద్దీ ఊడుతుంది. అది మళ్లీ వస్తుంది, కంగారక్కర్లేదు. మెట్లెక్కలేడు. ‘బద్ధకం’ అని గొణుగుతాం. పది రోజులు ఐసీయూలో ఉంటే తొడ కండరం సుమారు 18 శాతం కరిగిపోతుందని 2013లో లండన్ పరిశోధకులు కొలిచి చూపించారు. నాగలి పట్టే మనిషికి అది ఎంత దెబ్బో రైతు ఇళ్లకు వేరే చెప్పాలా? అదే ఏడాది వాండర్‌బిల్ట్ వైద్యులు 821 మంది రోగుల మీద చేసిన మరో అధ్యయనం ప్రచురితమైంది. ఆసుపత్రిలో ఉండగా వాళ్లలో 74 శాతం మందికి సంధి వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే మూడోవంతు మంది జ్ఞాపకశక్తి, లెక్క, ధ్యాస తలకు ఓ మోస్తరు గాయమైనవాళ్ల స్థాయిలో ఉన్నాయి. సంధి ఎన్ని ఎక్కువ రోజులుంటే అంత ఎక్కువ నష్టం. సంఘం డబ్బుల లెక్క తప్పుతోందని, పొయ్యి మీద పాలు మర్చిపోతోందని ఇంట్లో కసురుకునే ముందు ఇది గుర్తుకు రావాలి.

కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో సినిమా అభిమానులకు తెలుసు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్‌లో బైకు ప్రమాదానికి గురైన సాయిధరమ్‌తేజ్ నెల దాటాక తన పుట్టినరోజైన అక్టోబరు 15న ఇంటికెళ్లారు. ఆ తర్వాత మాట సరిగా రాక ఎంత ఇబ్బందిపడ్డారో ఆయనే బయటికి చెప్పుకొన్నారు. ‘విరూపాక్ష’తో తెరమీదికి వచ్చింది 2023 ఏప్రిల్‌లో. అంటే ఏడాదిన్నర.

కంటికి కనపడేవి ఇవి. కనపడనిది ఆ రైలు. పెద్దాయన ఇప్పటికీ రాత్రిళ్లు ఆ రైలెక్కుతూనే ఉండొచ్చు. చెబితే నవ్వుతారేమోనని చెప్పడు. తమాషా ఏంటంటే ఐసీయూలో నిజంగా జరిగినవి మరుగున పడిపోతాయి, సంధిలో చూసినవి మాత్రం నిన్న జరిగినంత స్పష్టంగా మిగిలిపోతాయి. దీనికి డెన్మార్క్, నార్వే, స్వీడన్ నర్సులు చాలా ఏళ్ల కిందటే ఓ ఉపాయం కనిపెట్టారు. డైరీ! మంచం పక్కనే ఉంచి, రోజూ నర్సులు, ఇంటివాళ్లు రెండేసి వాక్యాలు రాస్తారు. 2010లో ఐరోపాలోని 12 ఐసీయూల్లో 352 మంది మీద పరీక్షిస్తే డైరీ అందుకున్నవాళ్లలో 5 శాతం మందికి, అందుకోనివాళ్లలో 13 శాతం మందికి ఆ భయం జబ్బుగా స్థిరపడింది. 2019లో ఫ్రాన్స్‌లోని 35 ఐసీయూల్లో చూస్తే అంత తేడా కనిపించలేదు. పరిశోధనలు పోట్లాడుకోవడం మామూలే. అయినా ఇరవై రూపాయల నోట్‌బుక్కే కదా, పోయేదేముంది? చదువు రాని తాతకైతే మనవరాలు చదివి వినిపిస్తుంది. రాయడం కుదరకపోతే ఫోన్లో మాటల్ని రికార్డు చేసినా సరే. ‘సోమవారం: జహీరాబాద్ నుంచి అంబులెన్సులో తెచ్చినం. తొవ్వంతా కుదుపులే. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నవ్.’ ‘బుధవారం: పైపు పీకబోయినవని చేతులు కట్టిన్రు.’ ‘శుక్రవారం: పైపు తీసిన్రు, నీళ్లడిగినవ్.’ ఆ మూడు వాక్యాలు విన్నాక రైలు ఎక్కడ నుంచి వచ్చిందో ఆయనకే అర్థమవుతుంది.

ఆయన అన్న మాటల సంగతి కూడా అప్పుడే తేలిపోవాలి. చిన్నకొడుకు పక్కనే ఉండగా, కోడలు వింటుండగా. ‘జ్వరంల ఏవేవో అన్నవ్ నాయినా, మా అందరినీ తిట్టినవ్’ అని నవ్వుతూ చెప్పేస్తే సరి. చాలామందికి తాము ఏమన్నారో గుర్తే ఉండదు. గుర్తున్నవాళ్లు అంతకంటే ఎక్కువ సిగ్గుపడుతుంటారు.

మూణ్నెల్లు దాటినా నిద్ర పట్టకపోవడం, ఆసుపత్రి వాసనకే వణకడం, చిన్న లెక్కలు కూడా తప్పడం, ఎవరితో మాట్లాడకుండా ఉండటం తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. ‘ఐసీయూలో ఇన్ని రోజులున్నాడు, సంధి వచ్చింది’ అని ప్రత్యేకంగా చెప్పాలి. అడగందే ఆ సంగతి ఎవరూ ఎత్తరు. దగ్గర్లో మానసిక వైద్యులు లేకపోతే కేంద్రప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి-మానస్‌కు ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. ఖర్చు లేదు. తెలుగులోనే మాట్లాడొచ్చు.